రసమట్టం

మా దీవిలో వాన పడితే
అందరూ లోపలికి పోతారు, నేను బయటికొస్తాను.
రాయి తడిస్తేనే గుల్ల కనబడుతుంది.
ఎండలో అంతా ఒకటే మాసిన ఎరుపు.
తడి తగలగానే
ఎవరో సుద్దతో గీసి వదిలేసిన నిచ్చెనలు
ఒక్కొక్కటే పైకి తేలతాయి.

ఓలాండ్, పడమటి ఒడ్డు. అక్టోబరు.
ఐస్‌క్రీమ్ కొట్టు మూసేశారు.
వంతెన మీద గాలి జోరుగా ఉందని
రేడియోలో పొద్దుటి నుంచీ అదే మాట.
మోకాళ్లకి పాత తివాచీ ముక్కలు కట్టుకుని
డెబ్బై ఒక్కేళ్ల ఇంగెగెర్ద్‌ని, నేను,
సముద్రానికి వీపు పెట్టి
సముద్రాన్నే వెతుక్కుంటున్నాను.

పెన్సిలంత సన్నవి ఉంటాయి,
తమ్ముడు ఆర్విడ్ చేతికర్రంత పొడుగువీ ఉంటాయి.
చుట్టుకోవడం చేతకాని నత్తలు, అనేది అమ్మ.
నాన్న ఒప్పుకునేవాడు కాదు.
"నత్తేమిటి! ఇల్లు మారుతూ బతికినవాడు.
ఒళ్లు పెరిగితే ముందుకో గది వేసుకుని
వెనక గదికి గోడ పెట్టేసేవాడు.
ఒక్క సన్నని గొట్టం మాత్రం
మొట్టమొదటి గది దాకా ఉంచుకునేవాడు,
నీళ్లు తోడెయ్యడానికి.
పాత గదులు ఖాళీగా ఉంటేనే కదా
తేలేది."

నాన్న, హిల్డింగ్, రాతిపనివాడు.
పదకొండో ఏట గుర్రం తిప్పే సానకింద
ఇసుక పోసే పని, రోజుకి రెండు రొట్టెలు.
తర్వాత నలభై ఏళ్లు
నలభై ఏడు కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగుని
మెట్లుగా, గడపలుగా, కిటికీ పలకలుగా
కోసి పడవలకెక్కించాడు.
స్టాక్‌హోమ్‌లో ఏ బ్యాంకు మెట్లెక్కినా
ఒక గుల్ల నా చెప్పు కిందికి వచ్చేది.
పక్కకి జరిగి అడుగేసేదాన్ని.
వెనకవాళ్లు విసుక్కునేవారు.

రసమట్టం సంగతి నా ఏడో ఏట చెప్పాడు.
బోర్లించిన బాల్చీ మీద కూర్చోబెట్టి
అడ్డంగా కోసిన గుల్లని కంటి ముందు పెట్టాడు.
కింద సగం ఎర్ర బురద, రాయైపోయింది.
పై సగం తెల్లటి స్ఫటికం.
మధ్యన గీత,
పళ్లెంలో పాలు నిలిచినంత తిన్నగా.
"చచ్చి అడుగున పడ్డాక బురద లోపలికొచ్చింది.
సగం నిండి ఆగిపోయింది.
మిగిలిన ఖాళీలో ఎప్పటికో ఈ తెలుపు పట్టింది.
తెలుపు ఎటుంటే అటు ఆకాశం.
మనం రాయిని ఎన్ని తిప్పులు తిప్పినా
వీడు మాత్రం మరిచిపోడు."

నా దగ్గర రెండు వందల పన్నెండున్నాయి,
చేపల డబ్బాల్లో, గుడ్ల అట్టల్లో.
అన్నీ ఒడ్డుకి రాలినవే.
కొండకి ఉలి పెట్టను, పెట్టనివ్వరు కూడా.
ఆర్విడ్ అడుగుతాడు: ఇవన్నీ ఎవరికి?
తెలియదు. అడిగినప్పుడల్లా ఇంకోటి తెస్తాను.

నాన్న మీద పరిచిన పలక
ఆయన పనిచేసిన గనిలోదే.
ఆర్విడ్ దగ్గరుండి పేరు చెక్కించాడు,
బాగా చెక్కారు.
మూడేళ్ల తర్వాత, ఇలాంటి వానలోనే,
అంచున గడ్డి పీకుతుంటే కనబడింది
రూపాయంత గుండ్రం.
పైన ఎరుపు.
కింద తెలుపు.

చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది.
అటు వెళ్లి చూశాను, ఇటు వెళ్లి చూశాను.
నాలుగు గుల్లలు, నలుగురిదీ ఒకటే సాక్ష్యం.
తలకిందులుగా వేశారు.

ఆర్విడ్ క్రేను అద్దె కనుక్కున్నాడు.
తిప్పితే పేరు అడుగునపడుతుంది,
మళ్లీ చెక్కించాలి,
చర్చివాళ్లకి అర్జీ పెట్టాలి.
సిద్ధమే అన్నాడు పాపం.
నేనే వద్దన్నాను.

ఆకాశం ఆయన వైపే ఉంది కదా, ఉండనీ.
మనం నిలబడి ప్రార్థన చేసేది
సముద్రపు అడుగు మీద.

ఇవాళ దొరికింది చిటికెనవేలంత.
గదులు లెక్కపెట్టాను, పద్నాలుగు.
చివరిది విరిగింది, వాడు ఉన్న గదే.
జేబులో వేసుకున్నాను.
ఎటు పైకో
ఇంకా చూడలేదు.